శుక్రవారం క్యారేజీ

ఫిబ్రవరి 12, గురువారం

ఇది సింధూర డైరీ. పోయిన సంవత్సరం బట్టల షాపు వాళ్ళు పనిచేసే పిల్లలందరికీ తలా ఒకటి ఇచ్చారు. మా అమ్మాయి మొదటి పేజీలో పేరు రాసుకుంది, కింద రెడ్డిగూడెం అని రాసుకుంది, అంతే. మిగతాదంతా ఖాళీ. ఇందులో వారాలు పోయిన ఏడాదివి. వాటిని కొట్టేసి రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. ఎవరూ చూడరు కాబట్టి ఫరవాలేదు.

ఇవాళ నూజివీడు బస్టాండు దగ్గర హోటల్లో రెండు ఇడ్లీ తిన్నాను. నలభై ఆరేళ్ళొచ్చాయి, హోటల్లో ఒక్కదాన్నే కూర్చుని తినడం ఇదే మొదలు. లోపలికి వెళ్ళగానే కౌంటరు మీదాయన "పార్సిలామ్మా?" అన్నాడు. కాదు, ఇక్కడే తింటాను అన్నాను. "ఫ్యామిలీ రూములో కూర్చోండి" అని తెర చూపించాడు. తెర వెనక నాలుగు బల్లలు, ఒక ఫ్యాను, నేను. 

ఇడ్లీ గట్టిగా ఉంది. చట్నీ నీళ్ళు.

మా ఆయనతో బ్యాంకు పని అని చెప్పాను. ఆయన మామిడి తోటలో కాపలా ఉంటున్నాడు, పూత వచ్చిన దగ్గర్నుంచి అక్కడే. వాళ్ళు నలుగురు కలిసి వండుకుంటారు. నా ఒక్కదానికి పొయ్యెందుకు. ఇంట్లో గ్యాసు బండ తొమ్మిది నెలలుగా అదే.

ఫిబ్రవరి 13

శుక్రవారం. నూజివీడు వెళ్ళలేదు. శుక్రవారాలు వెళ్ళను.

ఫిబ్రవరి 17, మంగళవారం

ఇంకో హోటలు. ఇది కాస్త పెద్దది. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యాక ఆధార్ కార్డు చూపిస్తే చాలు. కండక్టరు నన్ను గుర్తుపట్టాడు. "మళ్ళీ బ్యాంకేనా అమ్మా? ఏం దాచావేంటి అంత?" అన్నాడు. మొన్న ఆయనతో చెప్పిన మాటే ఇతనితోనూ చెప్పినట్టున్నాను.

ఫ్యామిలీ రూము నిండిపోయింది. బయట బల్ల దగ్గర ఇద్దరు ట్రిపుల్ ఐటీ ఆడపిల్లల పక్కన కూర్చోబెట్టారు. దోశ రాగానే ఫోటో తీసుకున్నారు. ఒకమ్మాయి "మా మెస్సులో దోశ అయితే మడిచి జేబులో పెట్టుకోవచ్చు ఆంటీ, విరగదు" అంది. నవ్వాను. నవ్వి చాలా రోజులైంది, బుగ్గలు నొప్పి పుట్టాయి. వాళ్ళని అడుగుదామనుకున్నాను. ఏమని అడుగుతాను. వాళ్ళకేం తెలుసు.

క్యారేజీ సంచి పట్టుకెళ్ళాను. ఖాళీదే. చేతిలో ఏదో ఒకటి లేకపోతే ఊళ్ళో ఎటు వెళ్తున్నావని అడుగుతారు. అందుకే.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఎందుకు తిరుగుతున్నానో ఇక్కడైనా రాయాలి. 

పోయిన మే పదహారు, శుక్రవారం. పొద్దున్నే వంకాయ కూర, పప్పు చేసి క్యారేజీ సర్దుతున్నాను. సింధూర జడ వేసుకుంటూ వచ్చి "ఉప్పు తగ్గించమన్నానుగా అమ్మా" అంది. ఆరు నెలల నుంచీ అదే పాట. ఇరవై ఏళ్ళు తిన్న చేతి వంట, బట్టల షాపులో చేరాక ఉప్పు ఎక్కువైపోయింది. ముందు రోజంతా కాయలు ఏరి నా చేతులు సొన పడి పొక్కిపోయి ఉన్నాయి. మండింది. "నా వంట పనికిరాకపోతే హోటల్లోనే తిను పో" అని క్యారేజీ లాక్కుని కూర మళ్ళీ గిన్నెలో గుమ్మరించాను. మా అమ్మాయి జడకి రబ్బరు పెట్టుకుంది. చెప్పులేసుకుంది. బస్సు హారను వినపడింది. వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికి వస్తుంటే ఆటో తిరగబడింది. మేము వెళ్ళేసరికి ముఖం మీద బట్ట కప్పారు.

హోటల్లో తినమన్నాను కదా. తిందా? లేకపోతే ఆ కోపంతో తినకుండానే ఉందా? కడుపు ఖాళీగా పోయిందా నా బిడ్డ? నాకు ఇదొక్కటే తెలియాలి. ఇంకేమీ వద్దు.

షాపు పిల్లల్ని అప్పుడే అడిగాను. రోజూ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని బయటికి వెళ్ళేదండీ, ఎక్కడ తినేదో తెలియదు అన్నారు. క్యారేజీ పట్టుకుని బయటికెందుకు? అదీ తెలియదు. అందుకే ఒక్కో హోటలూ చూస్తున్నాను. లోపలికైతే వెళ్తున్నాను, అడగడానికే నోరు రావడం లేదు. "తినలేదు" అంటే? అందుకని ఏదో ఒకటి చెప్తాను, తింటాను, వచ్చేస్తాను.

ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన బట్టల కవరు బీరువా మీద ఉంది. ముడి విప్పలేదు. చున్నీ మీద పసుపు రంగు కవరు లోంచి కనిపిస్తూ ఉంటుంది. ఏదో మందు పూసి ఉంటారు.

మార్చి 3, మంగళవారం

మెస్సు. ఫుల్ మీల్స్. గోడ మీద "ఒకరి భోజనం ఇద్దరు తినరాదు" అని రాశారు. వడ్డించే ముసలాయన అడగకుండానే మళ్ళీ మళ్ళీ అన్నం వేశాడు. "తినమ్మా, ఎంత తిన్నా ఒకటే టోకెను" అన్నాడు. తిన్నాను. పెరుగు దాకా తిన్నాను. చెయ్యి కడుక్కుంటుంటే సిగ్గేసింది, ఇంత ఆకలి నాకు ఉందా అని.

మార్చి 10

పూరి. నూనె కంపు.

మార్చి 19, గురువారం

ఉగాది. మాకు ఈ ఏడాది పండగ లేదు. పక్కింటి అమృతమ్మ గ్లాసుతో పచ్చడి ఇచ్చింది. వేప పువ్వు ఎక్కువేసింది. తాగాను.

మార్చి 24, మంగళవారం

దొరికింది.

బట్టల షాపు వెనక సందులో ఉంది. ఇన్నాళ్ళూ రోడ్డు మీదవే చూస్తూ తిరిగాను. "శ్రీ సీతారామాంజనేయులు టిఫిన్ సెంటర్". హోటలు కంటే బోర్డు పొడుగు. ఐదు బల్లలు. ఫ్యామిలీ రూము లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా టిఫిన్లే, భోజనం ఉండదు. పెనం దగ్గర బోర్డు మీది పేరాయనే ఉన్నాడు. సప్లై చేసేది ఒకావిడ, ముప్పై ఐదేళ్ళుంటాయి, నుదుట బొట్టు లేదు, చకచకా తిరుగుతోంది.

ఉప్మా చెప్పాను. సంచి బల్ల మీద పెట్టాను. ఆవిడ నీళ్ళ గ్లాసు పెట్టబోయి ఆగిపోయింది. సంచి అంచు పక్కకి తీసి క్యారేజీ మూత చూసింది. దాని మీద సింధూర పేరు చెక్కించాను, కొన్న రోజే, గిన్నెల కొట్లో.

"ఇది మీకెక్కడిదండీ?" అంది.

"నాదే. మా అమ్మాయిది."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెనం దగ్గర్నుంచి ఆయన "షాలోమీ, ఉప్మా చల్లారిపోతోంది" అని కేకేశాడు. ఆవిడ వినిపించుకోలేదు.

"వంకాయ కూర పిన్నిగారు మీరేనా?" అంది.

నాకు అర్థం కాలేదు. ఎదురుగా కూర్చుని గబగబా చెప్పింది. తన ఇల్లు బాపుకాలనీ వెనకట. ఈ హోటల్లో చేరి ఆరేళ్ళు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం ఇడ్లీ, మిగిలింది తినాలి, అన్నం ముద్ద కోసం నాలుక పీకేదట. సింధూరకేమో పూరీలంటే ప్రాణం. ఒక రోజు క్యారేజీ తెచ్చుకుని ఇక్కడ కూర్చుంటే, బయటి తిండి తేకూడదమ్మా అని చెప్పడానికి ఈవిడే వెళ్ళిందట. "చెప్పడానికి వెళ్ళి మూత తీస్తే వాసనకి అక్కడే కూలబడ్డాను పిన్నీ. అక్కా నువ్వు ఇది తిను, నాకు పూరీ ఇవ్వు అంది సింధూర. ఆ రోజు నుంచి అంతే. రెండేళ్ళు మీ అన్నమే తిన్నాను నేను."

పెనం దగ్గరాయన "నా హోటల్లో పనిచేస్తూ నా తిండికి వంక పెట్టిన మనిషండీ ఇది" అన్నాడు.

ఉప్మా సగం వదిలేసి లేచి వచ్చేశాను. ఏమీ అడగలేదు.

మార్చి 25

నాలుగున్నరకి లేచేదాన్ని. రెండేళ్ళు. నీళ్ళు పట్టి, కూర తరిగి, ఆరున్నర బస్సుకి క్యారేజీ అందించి, అప్పుడు తోటకి పరిగెత్తేదాన్ని. సాయంత్రం "కూర ఎలా ఉందే?" అంటే "బాగుందమ్మా" అనేది. ఎలా తెలుసు? తిన్నావా నువ్వు?

క్యారేజీ కడిగి తెచ్చేది. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా కడగని పిల్ల, క్యారేజీ మాత్రం తళతళలాడుతూ తెచ్చేది. పిల్ల బాధ్యత తెలుసుకుంది అని అమృతమ్మతో గొప్పగా చెప్పుకున్నాను.

మార్చి 26

వెళ్ళలేదు.

మార్చి 28

వెళ్ళను.

మార్చి 31, మంగళవారం

వెళ్ళాను. షాలోమి ఏం కావాలని అడగలేదు. రెండు పూరి, పక్కన బొంబాయి చట్నీ, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు గుప్పెడు వేసి తెచ్చింది. "తను తినేది ఇది" అంది.

తిన్నాను. శనగపిండి చట్నీ వేడివేడిగా, పచ్చిమిర్చి కారం గొంతులో తగులుతూ ఉంది. బాగుంది. నా పిల్లకి ఏం ఇష్టమో నాకు తెలియకుండా నేను పెంచాను.

జనం తగ్గాక షాలోమి వచ్చి కూర్చుంది. నా వంట గురించి నాకే చెప్పింది. దోసకాయ పప్పులో చింతపండు వేస్తారు కదా మీరు, అంది. గోంగూరలో వెల్లుల్లి దంచకుండా వేస్తారు, అంది. "ఒకసారి వరసగా మూడు రోజులు పెరుగన్నం వచ్చింది. అప్పుడు మీకు జ్వరం కదా? మా చర్చిలో ప్రార్థన చేయించాను." నిజమే. ఆ ముందు ఏడాది వానాకాలం, టైఫాయిడ్. ఎక్కడో ఎవరో నా జ్వరానికి ప్రార్థన చేశారు.

తర్వాత తల దించుకుని చెప్పింది. తనకి బీపీ వచ్చిందట. డాక్టరు ఉప్పు తగ్గించమన్నారట. "నేను అడగలేదు పిన్నీ, ఒట్టు. తనే అంది, నువ్వుండక్కా, మా అమ్మకి చెప్తా, తగ్గిస్తుంది అని."

ఆరు నెలలు అడిగింది. నేను తగ్గించలేదు. రోజూ కావాలని ఇంకొంచెం వేశాను కూడా.

ఏప్రిల్ 7, మంగళవారం

అడిగేశాను. ఎలా నోరొచ్చిందో తెలియదు. "మే పదహారున వచ్చిందా? తిందా?" అన్నాను.

షాలోమి చేతిలో ప్లేట్లున్నాయి. "తింది పిన్నీ" అంది. "రెండు ప్లేట్లు తింది. కడుపు నిండా తింది."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. తోటలన్నీ కాయ మీదున్నాయి. కొమ్మలు వంగి నేలకి ఆనుతున్నాయి. ఈ ఏడాది ఇదే చూడటం.

ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాను. పాలు కాచాను.

ఏప్రిల్ 8

రెండు ప్లేట్లు తింది.

ఏప్రిల్ 11

తోటకి వెళ్ళి ఆయనకి చెప్పాను. హోటల్లో తిందట, రెండు ప్లేట్లట అని. బ్యాంకు పని ఇదా అన్నాడు. చెట్టు వైపు తిరిగి నిలబడ్డాడు. "ఎవరు చెప్పారు?" అన్నాడు. ఆ హోటల్లో వడ్డించే ఆవిడే అన్నాను. "మంచిది" అన్నాడు.

ఏప్రిల్ 17, శుక్రవారం

సోమవారం నుంచి కోత. నాకు మళ్ళీ ట్రేలు సర్దే పని. ఇక నెల రోజులు తీరిక ఉండదు, అందుకని ఇవాళ వెళ్ళాను. శుక్రవారమైతే ఏంటి, బిడ్డ కడుపు నిండా తినే పోయింది కదా అనుకున్నాను. పెందలాడే లేచి పప్పు, అన్నం చేశాను. ఉప్పు తగ్గించాను. క్యారేజీ నింపి తీసుకెళ్ళాను. షాలోమి ముందు పెట్టాను.

షాలోమి ముట్టుకోలేదు. తల మీద కొంగు కప్పుకుని ఉంది. 

పెనం దగ్గర్నుంచి ఆయన అన్నాడు, "శుక్రవారం దానికి ఉపవాసమండీ. ప్రార్థన అయ్యి నాలుగు గంటలయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు తాగదు. రేపు తెస్తే గిన్నె కూడా నాకేస్తుంది."

"మరి శుక్రవారాలు నా క్యారేజీ ఎవరు తినేవారు?" అన్నాను.

"సింధూరే" అంది షాలోమి. "శుక్రవారం మా అమ్మ వంట రోజు అక్కా, నువ్వడిగినా ఇవ్వను అనేది."

వారానికొక రోజు తినేదన్నమాట. సంతోషపడబోయాను. అప్పుడు తట్టింది. మే పదహారు శుక్రవారం. నా క్యారేజీ తను తినే రోజు. సరిగ్గా ఆ రోజే నేను లాక్కున్నాను.

షాలోమి ముఖం చూశాను. ఆవిడ కొంగు సర్దుకుంటోంది.

"నిజం చెప్పు" అన్నాను. "రెండు ప్లేట్లు తిందా?"

షాలోమి ఎదురుగా కూర్చుంది. తర్వాత చెప్పింది. "మధ్యాహ్నం తినలేదు పిన్నీ. ఉత్త చేతులతో వచ్చింది. మా అమ్మకి కోపమొచ్చింది, క్యారేజీ ఇవ్వలేదు అంది. పూరీ వేయిస్తానంటే వద్దంది. ఇవాళ అమ్మ వంట రోజు కదా, ఇంకేదీ తినను, నీతో పాటు ఉపవాసం ఉంటా అంది. ఉపవాసమంటే ఊరికే మాడటం కాదు, ప్రార్థనలో ఏదో ఒకటి అడగాలి అన్నాను. కళ్ళు మూసుకుంది. ఏం అడిగావంటే, మా అమ్మకి కోపం తగ్గాలి, కూరలో ఉప్పు కూడా తగ్గాలి, అంది. ఇద్దరం ఒకటే నవ్వు."

"తర్వాత?" అన్నాను.

"నాలుగు గంటలకి షాపులో టీకి వదిలితే మళ్ళీ వచ్చింది. బండివాడి దగ్గర రసాలు కొనుక్కొచ్చింది, నాలుగు. వెనక కుళాయి దగ్గర నిలబడి చెరి రెండూ తిన్నాం. పిండుకుని, పీల్చుకుని, టెంక దాకా. రసమంతా మోచేతుల మీదికి కారి చున్నీ మీద పడింది. నీళ్ళతో తుడువు అంటే, వద్దక్కా, నీళ్ళు తగిలితే ఇంకా పాకుతుంది, మరకలు పోగొట్టడం మా అమ్మకి తెలుసు, ఇంటికెళ్ళి ఇస్తే తిట్టుకుంటూ ఉతుకుతుంది, దాంతో మాటలు కలుస్తాయి, అంది. కడుపు నిండిందా అంటే, రాత్రికి చోటుంచాను, వంకాయ కూర ఇంట్లో అలాగే ఉంటుంది, అంది."

క్యారేజీ అక్కడే వదిలేసి వచ్చేశాను. ఒకసారి అబద్ధం చెప్పిన మనిషి. రెండోసారి చెప్పదని ఏముంది. నా ముఖం చూసి ఏదో ఒకటి అల్లింది. బస్సులో అంతా అదే అనుకున్నాను. నాలుగు రసాలట.

ఏప్రిల్ 18, శనివారం

బీరువా మీంచి కవరు దించాను. ముడి విప్పడానికి గోళ్ళు చాలలేదు. కత్తిపీటతో కోశాను.

మందు కాదు.

చున్నీ కొస మీద, ఎడమ వైపు, నా అరచెయ్యంత. ఎండి అట్ట కట్టింది. వేలితో గీరితే పీచు వచ్చింది, సన్నగా, పసుపు దారంలా. చిన్న రసం మామిడి పీచు. ఇరవై ఐదేళ్ళ నుంచి తోటల్లో పనిచేస్తున్న మనిషిని. పదకొండు నెలలు కింద నిలబడి చూస్తూ అది మందనుకున్నాను.

వాసన చూశాను. ఏమీ లేదు. ఇంకోసారి చూశాను.

ఆకలితో పోలేదు. కోపంతోనూ పోలేదు. నాకు ఉతకడానికి మరక తెస్తోంది.

ఏప్రిల్ 20

కోత మొదలైంది. చేతుల మీద మళ్ళీ సొన.

మే 5, మంగళవారం

ఏడాది. పంతులు గారు తిథి చూసి ఇవాళ అన్నారు. హోటలు బోర్డు మీది నంబరుకి ఫోను చేసి షాలోమికి మొన్నే చెప్పాను. మా ఆయన తోట నుంచి వచ్చాడు. షాలోమి పొద్దున్నే కండక్టరు చేత పూరీలు, బొంబాయి చట్నీ పంపింది, సంచి అడుగున నా క్యారేజీ కడిగి పెట్టింది. కండక్టరు "బ్యాంకు నుంచి వచ్చాయమ్మా" అని చేతిలో పెట్టాడు. ఎవరికని అడగలేదు. అతనికి ఎవరో చెప్పినట్టున్నారు.

నేను వంకాయ కూర, పప్పు చేశాను. ఆకులో అన్నీ పెట్టాను. పక్కన రెండు రసాలు పెట్టాను. 

తర్వాత ఆయనకి వడ్డించాను. ఈ ఇంట్లో ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తినడం ఏడాదికి ఇదే. రెండు ముద్దలు తిని ఆగాడు.

"ఉప్పు తగ్గింది" అన్నాడు.

"తగ్గించమంది" అన్నాను.

"ఎవరు?"

"సింధూర."

ఆయన ఇంకో ముద్ద కలిపాడు. తల వంచుకుని తిన్నాడు. కూర మళ్ళీ వేయించుకున్నాడు. సాయంత్రం తోటకి వెళ్ళిపోయాడు. ఇల్లు మళ్ళీ అలాగే ఉంది.

మే 8, శుక్రవారం

పొద్దున్నుంచి ఏమీ తినలేదు. పన్నెండింటికి ట్రేల పని అయిపోయింది. తోట వాళ్ళు రాలిన కాయలు తీసుకోమంటే మెత్తగా పండినవి నాలుగు ఏరుకున్నాను. బస్సెక్కాను.

నాలుగయ్యేదాకా సీతారామాంజనేయులు గారి హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చున్నాను. ఆయన "మీరూ మొదలుపెట్టారా? ఇలాగైతే నా హోటలు మూసేసుకోవాలి" అన్నాడు. అని, ఫ్యాను నా వైపు తిప్పాడు. షాలోమి ప్రార్థన ముగించుకుని వచ్చి, ఏం అడిగావు పిన్నీ అంది. నాకు అడగడం తెలియదన్నాను. అడగడానికి ఏముంది.

వెనక కుళాయి దగ్గర నిలబడి చెరి రెండూ తిన్నాం. ఇక్కడే ఎక్కడో నిలబడి ఉంటుంది. షాలోమిని ఏ పక్కన అని అడగలేదు. రసం మోచేతి దాకా కారింది, చీర మీద పడింది. షాలోమి కుళాయి తిప్పబోతే వద్దన్నాను.

ఇంటికొచ్చి చీర విప్పి ఆ చున్నీ పక్కనే దండెం మీద వేశాను. రెండూ ఉతకలేదు.

రేపు శనివారం. నాలుగున్నరకి లేవాలి. క్యారేజీ ఆరున్నర బస్సుకి ఇస్తానని కండక్టరుతో చెప్పాను.